సెనేటు నుంచి డేరియన్ న్యాయపీఠం దాకా: ట్యూనిస్ కాంప్‌బెల్ జీవితం

కొమురం భీం గురించి, బిర్సా ముండా గురించి మన సంచికల్లో చాలాసార్లు చదువుకున్నాం. భూమి, అడవి, సొంత పాలన అనే మాటలకు అర్థం మనం వాళ్ళ బతుకుల్లోనే వెతుక్కుంటాం. ఈసారి సముద్రాల అవతలి ఒక మనిషి గురించి రాస్తున్నాం. ఆయన ఆదివాసీ కాదు. అమెరికాలో బానిసత్వం పోయిన కొత్తలో నల్లజాతి జనానికి నాయకుడైనవాడు. ఆయన పేరు ట్యూనిస్ గ్యులిక్ కాంప్‌బెల్. జార్జియా రాష్ట్రంలో సెనేటర్‌గా శాసనసభలో కూర్చున్నాడు. ఆ కుర్చీ పోయాక ఒక చిన్న కౌంటీలో కింది స్థాయి న్యాయాధికారిగా ఉన్నాడు. సెనేటర్‌గా ఉన్నప్పటికన్నా ఆ చిన్న పదవిలో ఉన్నప్పుడే ఆయనంటే పెద్దలకు ఎక్కువ భయం కలిగింది. ఎందుకో మన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చెప్పాలని ఈ వ్యాసం.

కాంప్‌బెల్ 1812 ఏప్రిల్ 1న న్యూజెర్సీ రాష్ట్రంలోని మిడిల్‌బ్రూక్‌లో పుట్టాడు. పదిమంది పిల్లల్లో ఎనిమిదోవాడు. తండ్రి కమ్మరి. వాళ్ళు బానిసలు కారు, స్వతంత్ర నల్ల కుటుంబం. చిన్న వయసులోనే న్యూయార్క్ రాష్ట్రంలోని బాబిలోన్‌లో ఒక చర్చి బడిలో చేరాడు. ఆ బడిలో నల్ల పిల్లవాడు ఆయనొక్కడే. పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా అక్కడే చదివాడు. చదివించినవాళ్ళకు ఒక ఉద్దేశం ఉంది. ఆఫ్రికాలోని లైబీరియాకు మతబోధకుడిగా పంపాలని. నల్లవాళ్ళను అమెరికా నుంచి ఆఫ్రికాకు తరలిస్తే సమస్య తీరిపోతుందని నమ్మిన ఒక సంఘం ఆ రోజుల్లో గట్టిగా పనిచేసేది. కాంప్‌బెల్ ఆ దారిలో వెళ్ళనన్నాడు. పుట్టిన గడ్డ వదిలి పొమ్మనే దయ ఆయనకు దయలా కనిపించలేదు. బానిసత్వాన్ని రద్దు చేయాలనే ఉద్యమంలో చేరి, ఊరూరా మాట్లాడటం మొదలుపెట్టాడు.

పొట్టకూటికి హోటల్ పని. న్యూయార్క్‌లో, బోస్టన్‌లో పెద్ద హోటళ్ళలో వడ్డన చేసేవాళ్ళకు పెద్దగా పనిచేశాడు. 1848లో హోటల్ నడపడం గురించి ఒక పుస్తకం రాశాడు. ఆ విషయం మీద అమెరికాలో వచ్చిన తొలి పుస్తకాల్లో అదొకటి. బల్ల ఎలా సర్దాలి, వడ్డించేవాళ్ళు సిపాయిల్లా వరసలో ఎలా నడవాలి అన్నవి అందులో ఉంటాయి. చదివితే నవ్వు రావచ్చు. కానీ పదిమందిని ఒక క్రమంలో నిలబెట్టడం, ఎవరి పని ఏమిటో స్పష్టంగా చెప్పడం ఆయన ఆ వంటశాలల్లోనే నేర్చుకున్నాడని మా అభిప్రాయం. తర్వాత ఆయన దీవుల మీద చేసిన పనిలో ఆ క్రమశిక్షణ కనిపిస్తుంది.

దీవుల మీద ఒక చిన్న ప్రభుత్వం

1861లో అంతర్యుద్ధం మొదలైంది. బానిసత్వం కావాలన్న దక్షిణాది రాష్ట్రాలు ఒక పక్క, కేంద్ర ప్రభుత్వం మరో పక్క. దక్షిణ కరోలినా తీరంలో కేంద్ర సైన్యం పట్టుకున్న ప్రాంతాల్లో వేలాది మంది విముక్తి పొందిన బానిసలు ఉన్నారు. వాళ్ళకు తోడుగా పనిచేయడానికి 1863లో కాంప్‌బెల్‌ను ప్రభుత్వం అక్కడి పోర్ట్ రాయల్‌కు పంపింది. అప్పటికి ఆయనకు యాభై దాటాయి.

1865 జనవరి 16న జనరల్ షెర్మన్ ఒక ఉత్తరువు ఇచ్చాడు. దక్షిణ కరోలినాలోని చార్లెస్టన్ నుంచి కిందికి ఫ్లోరిడా దాకా తీరం వెంట ఉన్న దీవులు, నది ఒడ్డున వదిలేసిన వరి పొలాలు విముక్తులకు కేటాయించాడు. కుటుంబానికి 40 ఎకరాలకు మించకుండా. ఆ ఉత్తరువు కింద దాదాపు 40,000 మంది భూమి మీదికి వచ్చారు. అయితే వాళ్ళ చేతికి వచ్చింది పూర్తి పట్టా కాదు. భూమి మీద ఉండవచ్చు, దున్నుకోవచ్చు అనే స్వాధీన పత్రం మాత్రమే. ఈ తేడా ఎంత పెద్దదో పోడు సాగు చేసే ఇంట్లో పుట్టిన మన పిల్లలకు విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ వసంతంలో విముక్తుల కోసం పెట్టిన ప్రభుత్వ శాఖ కాంప్‌బెల్‌ను జార్జియా తీరంలోని ఐదు దీవులకు అధికారిగా నియమించింది. వాటిలో సెయింట్ కాథరీన్స్, సపెలో ముఖ్యమైనవి. ఇక్కడ ఒక్క మాట. ఆ దీవులు తోటల యజమానులకు వారసత్వంగా వచ్చిన భూములు కావు. వాళ్ళకు ముందు అవి గ్వాలే ఆదివాసీలవి, తర్వాత క్రీక్ ఆదివాసీలవి. జార్జియాలోని క్రీక్‌లను, చెరోకీలను వాళ్ళ నేల నుంచి 1820ల్లో, 1830ల్లో వెళ్ళగొట్టారు. అమెరికా చరిత్ర చదివేటప్పుడు ఈ పొర కిందే ఉండిపోతుంది. మనం మాత్రం దాన్ని తీసి చూడాలి.

సెయింట్ కాథరీన్స్ మీద కాంప్‌బెల్ చేసింది ఆశ్చర్యం కలిగిస్తుంది. బానిసత్వం నుంచి బయటపడి రెండు మూడేళ్ళు కూడా కాని మనుషులతో ఒక రాజ్యాంగం రాసుకున్నాడు. ఎనిమిది మందితో ఒక సెనేటు, ఇరవై మందితో ఒక సభ, తగాదాలు తీర్చడానికి న్యాయస్థానాలు, కాపలాకు 275 మంది సాయుధ దళం. అమెరికా ప్రభుత్వం ఎలా ఉంటుందో దానికి చిన్న నమూనా అన్నమాట. బడులు తెరిచాడు. వాటికి తన సొంత డబ్బు పెట్టాడు. ఆయన ఇంటివాళ్ళే పాఠాలు చెప్పారు. పాత యజమానులు, వాళ్ళ మనుషులు దీవి మీద అడుగు పెట్టకుండా కట్టడి చేశాడు.

ఇంత చిన్న దీవికి సెనేటు ఎందుకు అని ఎవరైనా అడగవచ్చు. ఆనాటి తెల్ల పత్రికలు అది వేళాకోళంగా తీసుకున్నాయి. మాకు అలా అనిపించదు. గ్రామసభ తీర్మానం అనేది ఒక సంతకం కాదు, ఒక అలవాటు. లేచి నిలబడి మాట్లాడటం, ఎదుటివాడి మాట వినడం, చేయెత్తి ఓటు వేయడం, ఓడిపోయినా మళ్ళీ కూర్చోవడం. పుట్టినప్పటి నుంచి ఆజ్ఞలే విన్న మనుషులు ఈ అలవాటు ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి. కాంప్‌బెల్ వాళ్ళకు ఆ చోటు చూపించాడు.

అది ఎక్కువ రోజులు సాగలేదు. అధ్యక్షుడు లింకన్ హత్య తర్వాత వచ్చిన ఆండ్రూ జాన్సన్, తిరుగుబాటు చేసిన భూస్వాములను క్షమించి వాళ్ళ భూములు వాళ్ళకు తిరిగి ఇచ్చేయడం మొదలుపెట్టాడు. కాంప్‌బెల్‌కు అండగా ఉన్న జనరల్ సాక్స్‌టన్‌ను పక్కన పెట్టారు. జార్జియాకు కొత్తగా వచ్చిన అధికారి జనరల్ టిల్సన్ 1866లో కాంప్‌బెల్‌ను పదవి నుంచి తీసేసి దీవుల నుంచి పంపించేశాడు. స్వాధీన పత్రాలు చాలావరకు చిత్తు కాగితాలయ్యాయి. దున్నిన చేతులతోనే చాలామంది మళ్ళీ పాత యజమానుల కింద కూలి ఒప్పందాలకు సంతకాలు పెట్టారు.

నీళ్ళకు ఇవతలి ఒడ్డు

కాంప్‌బెల్ ఉత్తరాదికి తిరిగి వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. దీవులకు ఎదురుగా ఉన్న మెకింటాష్ కౌంటీకి వచ్చాడు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది, కానీ జనం లెక్క చూస్తే మన మండలం కన్నా చిన్నది. దాని కేంద్రం డేరియన్ పట్నం. యుద్ధంలో 1863లో కేంద్ర సైన్యం దాన్ని తగలబెట్టింది. ఆ తర్వాత అల్టమహా నది మీద తెప్పలుగా కట్టి తెచ్చే కలపతో ఆ రేవు మళ్ళీ లేచింది. కౌంటీలో నల్లవారే ఎక్కువ. వరి మడులలో, రంపపు మిల్లుల్లో, రేవులో పని వాళ్ళది.

బెల్‌విల్ అనే తోటలో 1250 ఎకరాలు ఒప్పందం చేసుకుని, దీవుల నుంచి వచ్చిన కుటుంబాలను అక్కడ స్థిరపరిచాడు. వాళ్ళంతా కలిసి బెల్‌విల్ రైతుల సంఘం పెట్టుకున్నారు. సంఘానికి ఎన్నికైన పెద్దలు, రాసుకున్న నియమాలు. దీవి మీద నేర్చుకున్నది నేల మీదికి వచ్చింది. ఈసారి పేరు ప్రభుత్వం కాదు, సంఘం.

1867లో అమెరికా పార్లమెంటు, అంటే కాంగ్రెస్, దక్షిణాదిలో నల్ల పురుషులకు ఓటు ఇస్తూ చట్టాలు చేసింది. ఓటర్ల జాబితా కొత్తగా తయారు చేయాలి. ఆ పని చేసే అధికారుల్లో కాంప్‌బెల్ ఒకడు. మెకింటాష్, లిబర్టీ, టాట్నల్ కౌంటీలలో తిరిగి పేర్లు ఎక్కించాడు. ఓటరు జాబితాలో పేరు ఎక్కించడం చాలా పొడిగా వినిపించే పని. ఒక మనిషి మొదటిసారి తన ఇంటిపేరు చెప్పి ప్రభుత్వ పుస్తకంలో రాయించుకోవడం మాత్రం పొడి విషయం కాదు. బానిసల పేర్లు అంతవరకు యజమాని ఆస్తి లెక్కల్లో మాత్రమే ఉండేవి.

జార్జియాకు కొత్త రాజ్యాంగం రాసిన సభకు ఆయన సభ్యుడిగా వెళ్ళాడు. 1868లో రెండో జిల్లా నుంచి రాష్ట్ర సెనేటుకు ఎన్నికయ్యాడు. ఆయన కొడుకు ట్యూనిస్ కాంప్‌బెల్ జూనియర్ దిగువ సభకు ఎన్నికయ్యాడు. అదే కాలంలో కాంప్‌బెల్ డేరియన్‌లో జస్టిస్ ఆఫ్ ది పీస్ అనే స్థానిక న్యాయపదవికి కూడా ఎన్నికయ్యాడు. ఆ రెండో పదవి సంగతి కాసేపట్లో చెప్తాం.

మొదట సభలో జరిగింది చూడాలి. 1868 సెప్టెంబరులో, సభకు వెళ్ళి రెండు నెలలు గడిచాయో లేదో, తెల్ల సభ్యులు ఓటు వేసి నల్ల సభ్యులను బయటికి పంపేశారు. వాళ్ళ వాదన ఇది. కొత్త రాజ్యాంగం నల్లవారికి ఓటు హక్కు ఇచ్చింది, పదవి చేపట్టే హక్కు ఇచ్చినట్టు ఎక్కడా రాయలేదు. ఓటు వేయవచ్చు, గెలవకూడదు. రాయకపోవడాన్నే ఆయుధంగా వాడటం ఇదే మొదటిసారి కాదు, చివరిసారీ కాదు. తెల్లగా కనిపించే నలుగురిని మాత్రం సభలో ఉండనిచ్చారు. ఆ తరం నల్ల శాసనసభ్యులను జార్జియా చరిత్రలో మొదటి 33 మంది అని పిలుస్తారు. వాళ్ళ జ్ఞాపకంగా ఆ రాష్ట్ర శాసనసభ ఆవరణలో ఇప్పుడు ఒక శిల్పం ఉంది.

కాంప్‌బెల్ ఊరికే కూర్చోలేదు. వాషింగ్టన్ వెళ్ళి కాంగ్రెస్ పెద్దలను కలిశాడు. 1869లో జార్జియా సుప్రీంకోర్టు కూడా నల్లవారికి పదవి హక్కు ఉందని తీర్పు చెప్పింది. కాంగ్రెస్ జార్జియాను మళ్ళీ సైన్యం పర్యవేక్షణ కిందికి తెచ్చి, 1870 జనవరిలో వెళ్ళగొట్టినవారిని తిరిగి కూర్చోబెట్టింది. తిరిగి వచ్చిన కాంప్‌బెల్ అందరికీ సమానమైన చదువు, జ్యూరీలలో నల్లవారికి చోటు, అప్పు కట్టలేనివారిని జైల్లో పెట్టకుండా చూడటం, బహిరంగ స్థలాల్లో అందరికీ ప్రవేశం, నిజాయితీగా ఎన్నికలు జరగడం వంటి విషయాలపై పట్టుబట్టాడు. చాలావరకు నెగ్గలేదు. 1871 నాటికి రాష్ట్రంలో పాత భూస్వాముల పార్టీ మళ్ళీ గెలిచింది. 1872 ఎన్నికల్లో ఓట్ల లెక్కింపు గొడవల మధ్య ఆయన సెనేటు స్థానం పోయింది.

డేరియన్ చిన్న కోర్టు

ఇక ఆ రెండో పదవి. జస్టిస్ ఆఫ్ ది పీస్ అంటే గొప్ప న్యాయమూర్తి కాదు. చిన్న తగాదాలు వినేవాడు. కూలి డబ్బుల గొడవ, చిన్న అప్పు, కొట్లాట, దొంగతనం ఫిర్యాదు. పెద్ద నేరమైతే మొదటి విచారణ చేసి పై కోర్టుకు పంపేవాడు. వారెంటు ఇచ్చే అధికారం, కోర్టు ధిక్కారానికి నిర్బంధించే అధికారం ఉంటాయి. రాజధానిలో ఎవరూ పట్టించుకోని కుర్చీ.

కానీ బతుకు జరిగేది ఆ కుర్చీ ముందే. యుద్ధం తర్వాత దక్షిణాదిలో పొలం పని ఒప్పందాల మీద నడిచేది. ఏడాది పొడుగునా పనిచేస్తే చివర్లో లెక్క. లెక్క రాసేది యజమాని. కొట్టు నుంచి తెచ్చుకున్న పిండి, బట్ట, పనిముట్లు అన్నీ ఆ పుస్తకంలోనే ఉంటాయి. చదువు రాని కూలికి ఏడాది చివర చేతికి ఏమీ మిగలకపోతే ఎక్కడికి వెళ్ళాలి? చాలా కౌంటీలలో వెళ్ళే చోటు లేదు. న్యాయాధికారి యజమాని బంధువో, స్నేహితుడో అయి ఉంటాడు. డేరియన్‌లో మాత్రం ఆ కుర్చీలో కాంప్‌బెల్ ఉన్నాడు. మన ఏజెన్సీ సంతల్లో తూకం రాయి, వడ్డీ చిట్టా ఎవరి చేతిలో ఉండేవో పెద్దలను అడిగితే ఈ తేడా అర్థమవుతుంది.

ఒప్పందాలు ఎలా చదవాలో, ఏ కూలికి సంతకం పెట్టకూడదో ఆయన ముందే చెప్పేవాడు. గొడవ వస్తే యజమానిని పిలిపించేవాడు. తెల్ల యజమాని నల్ల న్యాయాధికారి ముందు నిలబడి లెక్క చెప్పాల్సి రావడం ఆ ప్రాంతంలో ముందెన్నడూ లేదు. కౌంటీలోని పలు పదవుల్లోకి, జ్యూరీల్లోకి నల్లవారు వచ్చారు. ఆయన మతబోధకుడు కూడా. ఆదివారం చర్చిలో చెప్పిన మాట, సోమవారం కోర్టులో జరిగే పని ఒకే మనిషివి. ఆయనకు ఏదైనా జరుగుతుందేమోనని ఆయుధాలతో కాపలా కాసే మనుషులు ఉండేవారు. కు క్లక్స్ క్లాన్ మనుషులను చంపుతున్న రోజులవి. 1871లో ఆ ముఠా హింస మీద విచారణ జరిపిన కాంగ్రెస్ కమిటీ ముందు ఆయన సాక్ష్యం ఇచ్చాడు.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఒకే మనిషి శాసనకర్త, న్యాయాధికారి, మతబోధకుడు, పార్టీ నాయకుడు కావడం మంచి ఏర్పాటు కాదు. అలాంటి చోట తప్పు చేస్తే అడిగేవాడు ఉండడు. ఆయన కఠినంగా ఉండేవాడని, తన అధికారాన్ని గట్టిగా వాడాడని ప్రత్యర్థులే కాదు, సానుభూతి ఉన్నవారూ ఒప్పుకుంటారు. జార్జియా చరిత్రకారుడు కౌల్టర్ 1968లో రాసిన పుస్తకంలో ఆయనను దాదాపు ఒక నియంతలా చూపించాడు. 1986లో రస్సెల్ డంకన్ రాసిన జీవితచరిత్ర మరో వైపు నుంచి చూసి, ఆ కౌంటీలో జనానికి దొరికిన రక్షణను ముందుకు తెచ్చింది. రెండూ చదివాక మేము డంకన్ వైపే మొగ్గుతున్నాం. ఒక కారణం చాలు. పక్క కౌంటీలలో అధికారమంతా ఒకే చేతిలో ఉన్నప్పుడు, ఆ చేయి తెల్లదైనప్పుడు, దాన్ని ఎవరూ నియంతృత్వం అనలేదు.

సెనేటు పోయినా ఈ చిన్న కోర్టు ఉన్నంతకాలం కాంప్‌బెల్ బలం పోలేదు. రాజధానిలో గెలిచినవాళ్ళకు అది త్వరగానే అర్థమైంది. సెనేటులో ఆయన ప్రతిపాదన ఓడిపోతే పనైపోయింది. డేరియన్‌లో ఆయన ఇచ్చే వారెంటు ఓడిపోదు. అందుకే ఆయన న్యాయాధికారిగా చేసిన పనుల మీదే కేసులు పెట్టారు. ఒకదాని తర్వాత ఒకటి. ఒక తెల్లవాణ్ణి అన్యాయంగా నిర్బంధించాడన్నది వాటిలో ఒకటి. న్యాయాధికారి తన కోర్టులో ఇచ్చిన ఉత్తర్వుకు న్యాయాధికారినే నేరస్తుడిని చేశారు. పై కోర్టుల్లో పోరాడాడు. ఫలితం లేకపోయింది.

శిక్ష పడినవాడి అద్దె

1876 జనవరిలో కాంప్‌బెల్‌ను శిక్ష ఖైదీగా తీసుకెళ్ళారు. అప్పటికి ఆయనకు 63 ఏళ్ళు. జైలుకు కాదు, ఒక తోటకు. జార్జియాలో అప్పుడు ఖైదీలను అద్దెకిచ్చే పద్ధతి ఉండేది. ప్రభుత్వం ఖైదీలను రైలు కంపెనీలకు, గనులకు, తోటల యజమానులకు ఇచ్చి డబ్బు తీసుకునేది. తిండి, గుడిసె, కాపలా, కొరడా అన్నీ తీసుకున్నవాడి ఇష్టం. బానిసత్వాన్ని రద్దు చేసిన పదమూడో రాజ్యాంగ సవరణలోనే ఒక మినహాయింపు ఉంది. నేరానికి శిక్షగా అయితే బలవంతపు చాకిరీ చేయించవచ్చు. ఆ చిన్న సందులోంచి పాత పద్ధతి చాలావరకు తిరిగి లోపలికి వచ్చింది. ఖైదీల్లో చాలామంది నల్లవారే కావడం అందుకే.

బానిసగా పుట్టని మనిషి, రాష్ట్ర సెనేటర్‌గా ఉన్న మనిషి, ముసలితనంలో గొలుసులతో మరొకరి తోటలో పనిచేశాడు. క్షమాభిక్ష కోసం జనం పెట్టుకున్న వినతులను గవర్నరు పట్టించుకోలేదు. ఏడాది గడిచాక, 1877 జనవరిలో విడుదలయ్యాడు.

విడుదలై వాషింగ్టన్ వెళ్ళాడు. అదే ఏడు జార్జియాలో తానూ తన కుటుంబమూ పడ్డ కష్టాల గురించి ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించాడు. అప్పటికి దేశం మనసు మారిపోయింది. 1877లోనే దక్షిణాదిలో మిగిలిన కేంద్ర సైన్యాన్ని ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. నల్లవారి హక్కుల గురించి వినే ఓపిక ఉత్తరాది నాయకుల్లో చాలామందికి పోయింది. ఆ పుస్తకం పెద్ద కదలిక తేలేదు. మనకు మాత్రం ఆ రోజుల గురించి ఆయన నోటి మాటకు దగ్గరగా ఉన్న ఆధారం అదే. మన పెద్దల జ్ఞాపకాలు రాయకుండా వదిలేస్తే తర్వాత మన గురించి రాసేది కేసులు పెట్టినవాళ్ళే అవుతారు. సంఘం యువజన విభాగం గూడేల్లో పెద్దల మాటలు ఫోన్లో రికార్డు చేసే పని మొదలుపెట్టాలని మేము ఎప్పటినుంచో అడుగుతున్నది ఇందుకే.

కాంప్‌బెల్ 1891 డిసెంబరు 4న బోస్టన్‌లో చనిపోయాడు.

ఆయనను తీసుకెళ్ళిపోయాక మెకింటాష్ కౌంటీలో అంతా సద్దుమణిగిందని అనుకుంటే పొరపాటు. జార్జియాలో చాలాచోట్ల నల్ల శాసనసభ్యులు కనుమరుగైన తర్వాత కూడా ఈ కౌంటీ వాళ్ళను ఎన్నుకుంటూ వచ్చింది. 1907లో మెకింటాష్ ప్రతినిధి విలియం రోజర్స్ సభను వదిలేదాకా అది సాగింది. ఆ మరుసటి ఏడాది ఓటుకు కొత్త షరతులు పెట్టి నల్లవారిలో చాలామందిని జాబితాల నుంచి తప్పించారు. ఆ తర్వాత జార్జియా శాసనసభకు ఒక నల్లజాతి సభ్యుడు మళ్ళీ ఎన్నికైంది 1962లో, అట్లాంటా నుంచి లెరాయ్ జాన్సన్. మధ్యలో యాభై అయిదేళ్ళు. 1907 దాకా ఆ కౌంటీ నిలబడగలిగిందంటే కారణం ఒక్క మనిషి కాదు. దీవి మీద చేయెత్తి ఓటు వేయడం నేర్చుకున్నవాళ్ళు, వాళ్ళ పిల్లలు.

కాంప్‌బెల్ ఒకప్పుడు చూసుకున్న సపెలో దీవి మీద, బానిసల వారసుల ఊరు ఒకటి ఇప్పటికీ ఉంది. పేరు హాగ్ హమ్మాక్. పడవ ఎక్కితేనే అక్కడికి చేరగలం. 2023 సెప్టెంబరులో మెకింటాష్ కౌంటీ కమిషనర్లు ఆ ఊళ్ళో మునుపటికన్నా పెద్ద ఇళ్ళు కట్టుకోవచ్చని నిబంధనలు మార్చారు. బయటి ధనవంతులు వచ్చి బంగళాలు కడితే పన్నులు పెరిగి, తాము భూమి అమ్ముకుని పోవాల్సి వస్తుందని ఆ కుటుంబాల భయం. వాళ్ళు కోర్టుకు వెళ్ళారు. ఆ మార్పును కౌంటీ ఓటర్ల ముందు పెట్టాలని ఇంటింటికీ తిరిగి సంతకాలు సేకరించారు.